రాతి మీద తువ్వాల

బడిపిల్లోల్ల బస్సు గేటు కాడ ఆగితే చాలు,
భుజమ్మీది తువ్వాల తీసి
ఆయమ్మ మీద కప్పేటోణ్ణి.
ఇరవై రెండేండ్ల అలవాటు.
పెద్దసార్లు ఎవురూ చెప్పలేదు.
నాకే, ఎందుకో, కప్పాలనిపించేది.

తల ఉండాల్సిన చోట తామరపువ్వు,
కాళ్ళు రెండూ ఎడంగా, కానుపుకు కూసున్నట్టు.
కింద అట్టముక్క మీద లజ్జాగౌరి అని రాసుంటాది.
ఏ కాలమో రాసిన చోట చెదలు తినేసింది.

వరదొచ్చిన ఏడు నీళ్ళు లోపలికొచ్చి
నా తువ్వాల ఎత్తుకపోయినాయి.
నాలుగు దినాలకు ఒండ్రులో దేవులాడి
అరచేతుల్తో కడిగినా ఆయమ్మను,
మా అమ్మకు ఆఖరి నీళ్ళు పోసినట్టు.
ఆపొద్దు సిగ్గనిపించలేదు.
నెల తిరక్కముందే ఇంగో తువ్వాల కొన్నా.

మొన్న కోడుమూరు పక్క నుంచి
మద్దిలేటమ్మ టీచరొచ్చె,
తొమ్మిదో తరగతి, ముప్పై ఒక్కమంది.
వాళ్ళ సైన్సు పుస్తకంలో ఆ పాఠం కాడ
రెండు పేజీలు ఎవురో మైదాపిండితో అంటించేసినారంట.
పుస్తకం వదిలేసి పిల్లోల్లను బస్సెక్కించింది.
"దస్తగిరన్నా, ఆ గుడ్డ తీస్తావా?"
తీసినా. చెయ్యి వణికె.

నవ్వులు. వెనక నుంచి ఎవుడో ఈల.
ఆమె కసరలేదు.
నవ్వు అయిపోయేదాకా కొంగుతో
కండ్లద్దాలు తుడ్చుకుంటా నిలబడింది.
"లజ్జ అట్టమీదుంది సరే,
రాతిలో యాడుందో చూపీండి."
ఎవురూ చూపీలేదు.
మంజువాణి అనే పిల్ల, వేలు చాపి, తాకకుండా,
"అందరం ఈ దోవనే వచ్చినామా మేడం?" అనె.
"అందరమూ. ఆ ఈలేసినాయన గూడా."
ఈసారి నవ్విన నవ్వు వేరు.

అద్దాల పెట్టెలో ఇత్తడి అడకత్తెర.
ఒగ రెక్క మగమనిషి, ఒగ రెక్క ఆడమనిషి,
మూస్తే కౌగిలి, తెరిస్తే ఎవురికి వాళ్ళు.
"ఇద్దర్నీ పట్టుకోనుండేది మధ్యలో ఆ చీల.
దానికేం పేరు పెడతారు?"
ప్రేమ అన్నారు. పెండ్లి అన్నారు. ఇన్‌స్టా అన్నాడొగడు.
ఉరుకుందు అనే బక్కపిల్లోడు నేల చూస్తా
"ఇద్దరికీ ఇష్టం" అనె.
"ఒగరికే ఇష్టమైతే?"
"పోకచెక్క," అనింది మంజువాణి.
ఫ్యాను తిరిగే సప్పుడు
ఆ గదిలో నేను అంతవరకు వినిందే లేదు.

ఆఖర్న వరండాలో మాస్తిరాయి.
పైన గుర్రమ్మీద మొగుడు, చేతిలో కత్తి.
పక్కన మనిషి లేదు, పైకెత్తిన చెయ్యొకటే,
మోచేతి దాకా గాజులు.
ఆశీర్వాదం మేడం, అన్నారు కొందరు.
నేనూ అట్లనే చెప్తాండా ఇన్నేండ్లు,
వచ్చినోల్లందరికీ.
షాహినా తన చెయ్యెత్తి, రాతి చేతి పక్కన పెట్టి చూసుకుని,
"ఆపండి అనేదానికి గూడా
ఇట్లనే ఎత్తుతారు గదా?" అనె.

టీచరు చానాసేపు మాట్లాడలేదు.
"నాకు తెలీదమ్మా," అనింది.
"చెక్కినోడు గూడా అడిగుండడు."

బస్సు పోయినాక గేటు ఏస్తాంటే
గుర్తొచ్చె.
పెండ్లైన మూడో రాత్రి
మా ఉసేనమ్మ చెయ్యెత్తింది.
గాజులు గల్లుమనె.
దీపం ఆర్పమంటాందనుకుంటి.
ఆర్పితి.

ఇంటికి పోతే జొన్నరొట్టె తడ్తాండాది,
పిండి చేతుల్తోనే తిరిగి చూసి
"తువ్వాల యాడ పారేసుకొచ్చినావు?" అనె.

పీట లాక్కోని పొయ్యి కాడ కూసున్నా.
యాన్నుంచి మొదలుపెట్టాలో తెలీక
వరద కాన్నుంచి మొదలుపెట్టినా.
పెనమ్మీద రొట్టె మాడిపోయె.
ఆమె దాన్ని తియ్యలేదు.