జాంగ్రీల అద్దాలపెట్టె

కొర్లగుంటలో మిఠాయంగడి మూసేసినాక
అద్దాలపెట్టె ఒకటి మిగిలింది నాకు.
ముప్పై ఏండ్లు జాంగ్రీలు కొలువుండిన చోటు.
పాతసామాన్లోడు ఎనిమిదొందలన్నాడు.
ఇయ్యలేదు. ఎందుకో అప్పుడు తెలీదు.

తెలిసింది, యామిని
దిండుగలీబు మూతి ముడేసి తెచ్చిన పొద్దు.
"కుక్కల క్లినిక్కులో వదిలేసి పోయినారు మా.
కాగితాలన్నీ ఉండాయి, విషం లేదు, అరవొద్దు" అనింది.
అరిచినా.
పక్కింటి దేశమ్మ గోడమీద తలపెట్టి చూసి
"ఏడుకొండలూ శేషుడి పడగలే కదక్కా,
పాము కిందనే కాపురముండాం,
ఇంగో పిల్లపాముకు చోటు లేదా?" అనింది.
అని, ఆ పొద్దునుంచి మా గడప తొక్కడం మానేసింది.

ఇల్లు కట్టినాం.
అడుగున కొబ్బరిపొట్టు, నాలుగువేళ్ల మందం.
ఒక పక్క వెచ్చన, ఒక పక్క చల్లన.
"యాడ కావాలంటే ఆడికి అదే పోతాది,
మనం నెట్టకూడదు."
వెచ్చని పక్క కింద హీటరు పట్టీ,
ముప్పైరెండు దాటితే తనంతట తానే ఆరిపోతాది.
మే నెలంతా అది ఆరిపోయే ఉండింది,
దాని పని తిరుపతే చేసింది.
తడిగోనె కప్పే పని నాది.
దాక్కునేదానికి మూతి పగిలిన కుండలు, అటొకటి ఇటొకటి.
పెద్దవి తెస్తే వద్దనింది పాప:
ఒళ్లు నాలుగు పక్కలా తగిలితేనంట దానికి ధైర్యం.
నీళ్లకు పాకం గిన్నె.
బూందీ ఉన్నన్నాళ్లు ఎప్పుడూ వెయ్యని తాళం
ఇప్పుడు రెండుసార్లు లాగి చూసి పడుకుంటా.

కూడు, రెండు బుధవారాలకొకసారి.
(శనివారం మా ఇంట్లో నీచు ముట్టం.)
"పాలు?" అన్నా.
"తాగదు."
"కోడిగుడ్డు?"
"తినదు మా."
"రోంత పెరుగన్నం..."
పాప నా మొహం చూసింది.

ఫ్రీజరు అడుగున ఐస్‌క్రీం డబ్బాలో
మంచుగట్టిన ఎలకలు.
మూతమీద నా రాతతో: ఇది ఐస్‌క్రీం కాదు.
పొద్దున బయటపెట్టి, సందేళ వేన్నీళ్లలో ముంచి,
తుడిచి, లైటార్పి,
జాంగ్రీలు తీసిన పటకారుతోనే తోక పట్టుకుని
కుండ ముందర ఆడిస్తా. చెయ్యి వణకతాది.

మొదటిసారి తినలేదు.
రెండోసారి తల తిప్పుకునింది.
మూడోసారి ఎలకను చూసి భయపడింది, పిచ్చిముండ.

నేను జన్మలో ఎవురినీ అట్ల వదల్లేదు.
తినకపోతే ఎందుకంటా,
ఎందుకో చెప్తే ఇంగో ముద్ద పెడతా.
కరెంటు బిల్లు కొట్టేదానికొచ్చినోడు కూడా తప్పించుకోలేదు.
పోయినేడు పరీక్ష పోయినప్పుడు
పాప గది తలుపు మూడు దినాలు తియ్యలేదు.
మూడు దినాలూ నేను ఇవతల
చేతిలో కంచంతో, నోట్లో మాటలతో.

అప్పుల నోటుబుక్కులో రాస్తా ఇప్పుడు:
బుధవారం. పెట్టినా. తినలేదు.
బూందీ తూచిన త్రాసులో కూర్చోబెడతా,
తొమ్మిదొందల పది గ్రాములు.
పోయిన నెలా అంతే.
"తగ్గలేదు కదా? ఐతే ఊరుకో" అంటాది పాప.
ఊరుకునేది ఎట్లో నాకెవురూ నేర్పలేదు.

ఆడినెలలో కండ్లు పాలరంగు తిరిగినాయి.
వారానికి, కుండ అంచుకు ఒళ్లు రాసుకుని
చొక్కా విడిచినట్ల విడిచేసింది పొరంతా,
కంటిపాపల బిళ్లలతో సహా.
ఆ బుధవారం పటకారు చాపినా.
చిటికె.
నేను చూసేలోగానే చుట్టేసింది.

"రెండు దినాలు ముట్టద్దు మా,
కదిలిస్తే కక్కేస్తాది."
రాసినా: తినింది.
ఆ ఒక్క మాట కింద రెండు గీతలు.

రాత్రి పాప పదిన్నరకొచ్చింది.
చెప్పులు విడవకుండానే
గోడపక్క చల్లని గచ్చుమీద కూర్చునింది.
కంచం పెట్టి మూత వేసినా.
నోటిదాకా వచ్చింది, ఏమైందని.
లైటార్పి, అటు తిరిగి పడుకున్నా.

పెట్టెలో కొబ్బరిపొట్టు కదిలింది ఒకసారి.
ఇంగా చానాసేపటికి
కంచంమీద మూత జరిగిన సద్దు.