మూడోసారి

నవంబరు నెల. గుణుపురం బజారులో
జిరాక్సు కొట్టు పక్కన జనసేవా కేంద్రం.
నేను బతికే ఉన్నానని చెప్పుకోడానికి
చెప్పులు బయట విడిచి వరసలో కూచున్నాను.

ఫారం ఒడియాలో ఉంది. అందులో నా పేరు
బొమిడి నర్సమా. ఒక ఒత్తు పోయింది, ఒక దీర్ఘం వచ్చి చేరింది.
పోనీలే, పతకం మీద అసలు పేరే లేదు,
బరువు తరగతి ఒక్కటే చెక్కారు.

జోసెఫ్ గొమాంగో, ఇరవై రెండేళ్ళ కుర్రాడు,
గాజుముక్క మీద నా బొటనవేలు పెట్టించాడు.
ఎర్ర దీపం.
"గట్టిగా నొక్కకు పెద్దమ్మా, మెల్లగా ఆనించాలి."
జన్మలో నాకెవరూ చెప్పని మాట.

ఈ వేలి సంగతి వాడికేం తెలుసు.
కడ్డీ పట్టేటప్పుడు ముందు బొటనవేలిని లోపల దాచి
దాని మీద మిగతా వేళ్ళు మూస్తాం.
నలగాల్సిందంతా అదే నలుగుతుంది.
పదిహేడేళ్ళు నలిగింది.
కడ్డీ మీది గరుకు గీతలు
దేవుడు గీసినవాటిని చెరిపి తమవి వేసుకున్నాయి.
తర్వాత అవీ పోయాయి.

మొదట్లో కడ్డీ ఎక్కడిది!
మా అయ్య రైసుమిల్లులో కళాసీ,
చిన్న రైలుకి బస్తాలెత్తేవాడు.
విరిగిన నాటుబండి ఇరుసుకి
అటూ ఇటూ మిల్లు తూకంరాళ్ళు కట్టి
"ఎత్తగలవేటే?" అన్నాడు సారా మత్తులో, నవ్వులాటకి.
ఎత్తాను. నవ్వడం మానేశాడు.
మర్నాడు తాగకుండా వచ్చి ఇంకో రాయి కట్టాడు.

రెండోసారి. జోసెఫ్ నా వేలిని
తన చొక్కా అంచుతో తుడిచాడు, కొబ్బరినూనె రాశాడు.
ఎర్ర దీపం.
"మూడుసార్లే పెద్దమ్మా. మూడోదీ పోతే తాళం పడిపోద్ది."

మూడుసార్లే అని నాకు చెబుతున్నాడు!

ఆ రోజు కూడా రెండు పోయాయి.
మొదటిసారి మోచెయ్యి వణికింది. రెండోసారి
దించమనే గంట మోగకముందే వదిలేశాను.
మూడోసారి పైకెత్తినప్పుడు ఏమనిపించిందని
అందరూ అడుగుతారు,
బడిపిల్లలు, శాలువా కప్పేవాళ్ళు, ఆఖరికి పళ్ళు పీకే డాక్టరు.
జెండా కనిపించిందని చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేవారు.
నిజానికి కనిపించింది
హాలు కప్పులో కాలిపోయిన ఒక బల్బు.
గంట మోగేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను.

వెండి వచ్చిన పిల్ల సినజానా. వాళ్ళ భాషలో ఇంకేదో,
నా నాలుకకి తిరిగింది అంతవరకే.
మెట్టు మీంచి వంగి చెయ్యి కలిపితే
ఆమె చేతి కాయలూ నా చేతి కాయలూ
పల్లేరుకాయల్లా ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి.
విడిపించుకోడానికి ఇద్దరం నవ్వాల్సొచ్చింది,
ఆమె ఏడుస్తూనే.
రెండున్నర కిలోల తేడా.
మా ఇంట్లో నెలకి అంత పప్పు కూడా పట్టదు.
ఇప్పుడామెకి మోకాళ్ళు లేవట, ఏదో ఊళ్ళో
కుర్చీలో కూచునే రొట్టెలపిండి పిసుకుతుందట.
ఆ చెయ్యి ఒక్కటి ఇక్కడుంటే
చీకట్లో తడిమి చెప్పేది, ఇది నర్సమ్మేనని.

మూడోసారి వేలు ఆనించాను,
పసిపిల్ల నుదుటన బొట్టు పెట్టినంత మెల్లగా.
ఎర్ర దీపం.

జోసెఫ్ తల దించుకున్నాడు, తప్పు తనదైనట్టు.
"రాయగడలో కళ్ళు చూసే మిషనుంది, సోమవారం వెళ్ళు."
సరే అన్నాను. కళ్ళకేం, బల్బు దాకా ఆనతాయి.

ఇంటికి పోతూ మిల్లు దగ్గర ఆగాను.
మూతపడి ఆరేళ్ళు. అరుగు మీద బస్తాల కాటా
అక్కడే తుప్పుపడుతోంది.
అటూ ఇటూ చూసి ఎక్కాను.
ముల్లు కాసేపు మొండికేసింది,
మూలిగింది, ఊగింది,
డెబ్బై నాలుగు దగ్గర ఆగింది.
నా తరగతికి పదహారు ఎక్కువ.
అయినా వీపు నిటారుగా పెట్టి
గంట కోసం చూస్తూ నిలబడ్డాను,
"దిగే నర్సమ్మా, అది ఇరిగిపోద్ది!" అని
గేటు కాపలా తౌడన్న అరిచేదాకా.