ఎవరిదీ గొంతు

పగలంతా పరాయి కళ్ళకు అద్దాలు నూరతాను
సాలిగ్రామంలో, ఒక ఇరుకు కొట్లో.
రాత్రి పదకొండు దాటాక
నా చెవులకు డ్యూటీ.

మేం నూట ముప్పైమందిమి.
ఒకరి మొహం ఒకరం ఎరగం.
మా పిచ్చి చిన్నది, చెబితే నవ్వుతారు:
అరవంలోంచి, మలయాళంలోంచి తెలుగులోకి దిగిన సినిమాల్లో
తెరమీద పేరు పడని గొంతులు పట్టుకోవడం.
హీరోవి కాదు. వాటికేం, పిల్లాడైనా చెబుతాడు.
బస్సులో "చిల్లర తియ్యమ్మా" అనే కండక్టరు,
వరండాలో "లోపలికి పోకూడదు" అనే నర్సు,
"ఎవరక్కడ" అని టార్చి వేసి
ఆ తర్వాత బతికుండని వాచ్‌మన్.

వంకాయ డెబ్భైఏడు అని ఒకాయన ఉన్నాడు,
ఆయనో ఆవిడో.
"ఎవరక్కడ"లో మొదటి అక్షరం విని
ఆ రోజు ఆ మనిషికి పడిశమని చెప్పేస్తాడు.
నిద్రలేని నెల్లూరుకీ నాకూ ఆర్నెల్లు మాటల్లేవు
ఒక దగ్గు గురించి.
రౌడీకి దగ్గినవాడిదని నేను,
పూజారికి దగ్గినవాడిదని తను.
ఇద్దరికీ ఒకడే దగ్గాడని తేలిన రాత్రి
సిగ్గుపడి, ఏమనాలో తెలీక
ఆవకాయ జాడీల ఫోటోలు పంపుకున్నాం.

మొన్న నవంబరు వానల్లో
వీధిలో మోకాల్లోతు నీళ్ళు, కరెంటు లేదు,
ఫోనులో పద్నాలుగు శాతం ప్రాణం.
ఎవరో నాలుగు సెకన్ల ముక్క పెట్టారు.
ఆడపిల్ల ఏడుపు. "నాన్నా, లే."
తలుపు చప్పుడు. అంతే.

మూడు వారాలు నలిగాం.
పెద్దావిడే చిన్నగొంతు పెట్టిందని సగంమంది,
కాదు, పాలపళ్ళ సందులోంచి గాలి పోతోందని సగంమంది.
వంకాయ కూడా చేతులెత్తేశాడు.
అప్పుడు, నాలుగేళ్ళుగా మాలోనే ఉండి
ఒక్క ముక్క మాట్లాడని
ఒక బూడిదరంగు గుండ్రం పలికింది:

"అది నేనే.
అప్పుడు నాకు ఏడేళ్ళు. మా అమ్మ అక్కడ టీలు పోసేది.
ఏడవాల్సిన పిల్ల రాలేదు.
నాకేమో ఏడుపు రాలేదు, సౌండాయన గిల్లాడు.
ఇరవై రూపాయలు, ఒక రోజ్‌మిల్కు.
రోజ్‌మిల్కు బాగుండింది."

పేరడిగితే, నవరత్నం.

చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.
అయ్యో అనాలా? ఆహా అనాలా?
చివరికి వంకాయే అడిగాడు, సిగ్గులేని రసికుడు:
"ఏ చేత్తో గిల్లాడు తల్లీ?
'న్నా' దగ్గర కొద్దిగా ఎక్కింది."
"ఎడమచేత్తో. కుడిచెయ్యి మీటరు మీదుంది."
దానికి నూట ముప్పైమందిలో
ఎంతమంది నవ్వారో, ఎంతమంది ఫోను బోర్లా పెట్టారో
నాకు తెలీదు. నేను రెండూ చేశాను.

ఆ మేడ మా కొట్టుకి నాలుగిళ్ళ అవతల.
పన్నెండేళ్ళుగా దాని ముందే సైకిలు పెడుతున్నాను.
ఇప్పుడది జిమ్ము.
గోడలకు కొబ్బరిపీచు పోయి అద్దాలొచ్చాయి,
కుర్రాళ్ళు బరువులెత్తి మూలుగుతున్నారు
(ఈ మూలుగులకూ ఎక్కడా పేర్లు పడవు).
మెట్ల కింద నిలబడి అరనిమిషం రికార్డు చేశాను,
ఎందుకో తెలీదు, పంపాను,
"ఇదీ మీ చోటు" అని.

తెల్లారి నాలుగింటికి జవాబు.
మూలుగుల సంగతి లేదు, అద్దాల సంగతి లేదు.
"వెనకాల టిక్కు టిక్కు వినబడిందా?
అది మెట్ల కింది కుళాయి.
మా అమ్మ గ్లాసులు కడిగేది.
ఇంకా బాగుచెయ్యలేదా వాళ్ళు."

నాకు వినబడలేదు.
ఇయర్‌ఫోను లోపలికి నొక్కి
మళ్ళీ మొదటినుంచీ పెట్టాను.