తడి తూకం

కంప్యూటర్ ఏరిచ్చిన సర్వే నంబరు
నూట పద్నాలుగు బై రెండు.
కంబదూరు మండలంలో ఇంత ఎర్రనేల ఉంటే
అది పోయి పోయి
ఎర్రిస్వామి బోరు కింది చేను మీదే పడింది.

నాలుగు గూటాలు దిగ్గొట్టి
అయిదు మీటర్లకు అయిదు మీటర్లు దారం కట్టినాను.
దారం లోపల చెట్టుకు పాతిక కాయలు.
గట్టు దాటితే
ఊరి చేలన్నీ ఆగస్టులోనే తలవాల్చి
నిలబడినవి నిలబడినట్టే ఎండిపోయినాయి.

పీకినాము. రాల్చినాము. మన్ను దులిపినాము.
తక్కెడ కొక్కేనికి సంచి తగిలిస్తే
అంకెలు కాసేపు వణికి
నాలుగు కిలోల ఆరునూర్ల కాడ ఆగినాయి.

ఎవరూ మాట్లాడలేదు.
సాక్షిగా రావాల్సిన ఇన్సూరెన్సు పిల్లోడు
బైకు పంక్చరై కళ్యాణదుర్గం దాటలేదు.
"ఆ నాలుగును మింగెయ్ మేడమ్,
ఆరునూర్లు రాసుకో" అన్నాడు తిప్పేస్వామి,
నవ్వుతున్నట్టే.
"ఒక్క అంకె. అరగదా నీకు?"

యాప్ ఫోటో అడుగుతుంది.
సంచిలోంచి నాలుగు దోసిళ్లు తీసి పక్కన పోస్తే
ఫోటో కూడా తూకం చెప్పిందే చెప్తుంది.

పోయినేడు ఇంకో ఊర్లో ఇదే తక్కెడ
ఎనిమిదినూర్లు చూపించింది.
రెండు కిలోలు రాయమని
నా డైరీలో కవరు పెట్టిపోయినాడొక పెద్దమనిషి.
కవరు వాని జీపులోకే విసిరేసి
ఎనిమిదినూర్లే రాసినాను.
ఉన్నది ఉన్నట్టు రాసేదే నా పని అని
ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను.
ఆ మాటే ఇప్పుడు
చేని గట్టు మీద గొంతుక్కూచోని
నా మొగం చూస్తా ఉంది.

మారెక్క తన చేన్లోంచి ఒక చెట్టు పీక్కొచ్చింది.
రెండే కాయలు.
నా అరచేతిలోనే చిదిమింది.
ఒగటి లొట్ట, ఒగటి పురుగు.
"దీన్ని యాడ తూస్తావు తల్లీ?"

ఏడీ సార్‌కు ఫోన్ చేసినాను.
"రూలు తెలుసు కదమ్మా.
ఏం రాసినా సంతకం నీదే" అన్నాడు.
తర్వాత సిగ్నల్ పోయింది,
లేదా ఆయనే పోగొట్టుకున్నాడు.

నాలుగు పాయింట్ ఆరు అని కొట్టినాను.

రిమార్కుల గడిలో రాసినాను:
బోరు తడి రెండుసార్లు. చుట్టుపక్కల వానాధారం
పంటంతా పోయింది. ఇంకో చేను కొలవాలి.
ఆ గడికి అంత గొంతు లేదు.
సబ్మిట్ అయినంక చూస్తే మిగిలింది
'బోరు తడి రెండుసార్లు. చుట్టుపక్కల వా'

ఎవరూ తిట్టలేదు. తిట్టింటే బాగుండేది.
మారెక్క పొద్దున నాకు మజ్జిగిచ్చిన చెంబు
కడగకుండానే చంకన పెట్టుకొని పోయింది.
ఎర్రిస్వామి మాత్రం నా దారం చుట్టి చేతికిచ్చి
"ఆ రెండో తడి పారగట్టకుండా ఉండాల్సింది"
అన్నాడు, తప్పు చేసినోడి మాదిరి.

ఇంకా అయిపోలేదు.
ఆ కాయల్లో ఒక కిలో
మా మిద్దె మీద గోనెపట్టా పైన ఎండుతోంది.
తడి తూకానికి ఎండు తూకం కూడితేనే లెక్క.
ఇక్కడ పిడికెడు తగ్గితే
అక్కడ ఊరంతటికీ తగ్గుతుంది.
నిన్న మావోడు చెయ్యి పెడితే కొట్టినాను.
ఆరేళ్లోడు. చెనిక్కాయలకు అమ్మ ఎందుకు కొట్టిందో
అర్థం కాక ఏడ్చి ఏడ్చి పండుకున్నాడు.

ఈరోజు ఉడతొచ్చింది.
పిట్టగోడ మీద కూర్చోని తోకాడిస్తా
నన్నూ పట్టానూ మార్చి మార్చి చూస్తోంది.
దానికి సర్వీసు రూల్సు లేవు.
కింద కుక్కరు మూడో కూత వేసింది.
నేను మెట్లు దిగితే
అది గోడ దిగుతుంది.

ఫోన్ మోగింది.
"ఎండినాయా తల్లీ?"

చీపురు ఇంకా నా చేతిలోనే ఉంది.
"ఎండుతుండాయి మారెక్కా" అంటున్నాను,
ఉడత వైపే చూస్తూ.