ఎడమ పక్క కుర్చీ

ఎల్కోలో గురువారం రాత్రి.
బయట మంచు, ఉప్పు చల్లిన రోడ్డు,
లోపల తొమ్మిది కుర్చీల బల్ల.
పదకొండేళ్లుగా ఇక్కడ ముక్కలు పంచుతున్నాను;
ఎవరి చేతులు వణుకుతాయో, ఎవరివి వణుకు నటిస్తాయో
మొహాలు చూడకుండానే చెప్పగలను.

బ్రైస్ హాల్వర్సన్ బంగారు గనిలో లారీ తోలుతాడు,
మేడంత లారీ.
బల్లనీ అలాగే తోలుతాడు.
ముక్క ఎత్తి చూడకముందే పందెం,
ఎవరైనా దగ్గితే రెట్టింపు,
దగ్గకపోతే మూడింతలు.
మొరిగే కుక్క కరవదంటారు గానీ
ఇది మొరుగుతూనే కరుస్తుంది, అప్పుడప్పుడు.
అదే చిక్కు.

పశువుల డాక్టరు ఎదురు మొరిగాడు.
నలభై నిమిషాల్లో జేబులు తడుముకుంటూ లేచాడు.
ఆ కుర్చీ ఖాళీ కాగానే
మాదలెన్ ఇరిబార్న్ కాఫీ, కళ్లజోడు డబ్బా పట్టుకుని
అందులోకి మారింది, బ్రైస్‌కి ఎడమ పక్కన.
ఆ రాత్రి ఆమె చేసిన చప్పుడంతా
ఆ కుర్చీ కాళ్లదే.

ఇక్కణ్ణుంచి వాడు ముందు, ఆమె తర్వాత.
అబద్ధాలాడటం మానేసింది:
వినిపించుకోని వాడికి
అబద్ధం చెప్పి ఏం లాభం?
చెత్త ముక్కలు పారేసింది, వరసగా ఇరవైసార్లు.
మంచివి వచ్చినా పై పందెం కట్టలేదు.
వాడు ఎంత తోస్తే అంతే,
ఒక్క చిప్పు ఎక్కువ కాదు.

మొదటిసారి ఓడిపోయింది.
రాణుల జత పట్టుకుని చివరిదాకా వెళ్తే
వాడి దగ్గర నిజంగానే మూడు ఆరులున్నాయి.
రెండు వందల డాలర్లు.
వాడు బల్ల గుద్ది నవ్వాడు.
ఆమె స్వెటర్ చెయ్యి కిందికి లాక్కుంది.
నేనైతే ఆ తర్వాత భయపడేదాన్ని.

గంట గడిచాక ఆమెకి తొమ్మిదుల జత.
నేను పరిచాను: రాణి, ఏడు, నాలుగు.
తర్వాత మూడు.
ఆఖర్న ఇస్పేటు రాజు.
వాడు మూడుసార్లు తోశాడు,
మూడోసారి ఉన్నదంతా.
రాజు పడ్డప్పుడే నా కడుపులో చలి పుట్టింది.
ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. పెట్టుకుంది.
"చూద్దాం" అంది.
జాకీ, పది. ఏ జతా లేదు వాడికి.

"మీ నాన్న గొర్రెలు కాసేవాడుగా,
ఈ ఓపిక ఆయన నేర్పిందేనా?" అని ఎవరో.
"ఆయనకా, ఓపికా!
నేను స్కూలు బస్సు నడిపాను, ఇరవై ఆరేళ్లు.
వెనక సీట్లో అరిచేవాణ్ణి అద్దంలో చూడకూడదు.
అరవనీ.
తలుపు మీట నా చేతిలోనేగా ఉంది."

రెండు వారాలకి బ్రైస్ మళ్లీ వచ్చాడు,
గడ్డం గీసుకుని, బుద్ధిగా.
ముక్కలు చూసి, మళ్లీ చూసి, పారేస్తున్నాడు.
ఎప్పటికో ఒకసారి, జాగ్రత్తగా, ఇరవై డాలర్లు పెట్టాడు.
మాదలెన్ అతని వైపు చూసింది,
బస్సులో కొత్తగా ఎక్కిన పిల్లాణ్ణి చూసినట్టు.
తర్వాత తన దొంతులన్నీ ముందుకి జరిపింది.

చాలాసేపు ఆలోచించాడు.
మంచి జతే అయి ఉంటుంది, వదిలేశాడు.

ఆమె నా వైపు తోసిన ముక్కల అంచు
కాస్త పైకి లేచింది:
రెండు, ఏడు. రంగు కూడా కలవలేదు.
పేక కలపడం మొదలుపెట్టాను,
రోజూ కంటే కొంచెం గట్టిగా.