పద్నాలుగో నంబరు

వెనక గుమ్మం పక్కన ఒక స్విచ్చి.
ఇల్లు కొన్న రోజు నుంచీ అది మాతో మాట్లాడలేదు.
పైకి వేస్తే ఏమీ లేదు, కిందికి వేస్తే ఏమీ లేదు.
మా టోబిన్ మాత్రం నమ్మేవాడు,
అది నొక్కితే థండర్ బేలో ఎక్కడో
ఒకరి ఫ్రిజ్ ఆగిపోతుందని.
రోజూ బడికి వెళ్తూ టక్కుమనిపించి
ఎవరివో పాలు విరగ్గొట్టి వెళ్లేవాడు.

జనవరి. బయట మైనస్ ముప్పై ఒకటి.
వాడి బూట్లు మంచు తాగి ఇంటికొస్తాయి,
రాత్రంతా రేడియేటర్ కింద పడుకుని
తెల్లారేసరికి సగం ఆరి, సగం కుక్క వాసన.
బూట్లు ఆరబెట్టే యంత్రం కొన్నాను, ముప్పై తొమ్మిది డాలర్లు.
తెచ్చాక చూస్తే ఆ మూల ప్లగ్గు పెట్టే చోటే లేదు.
గుర్రం లేని ఇంటికి జీను తెచ్చినట్టు.

ఆదివారం, కాగితం మిల్లుకి సెలవు.
నేలమాళిగలో కరెంటు పెట్టె తెరిచాను.
పద్నాలుగో నంబరు ఎదురుగా పెన్సిలుతో,
ఎవరి చేతిరాతో, ఒక్క మాట: పిహ.
మనిషి పేరనుకున్నాను.
పిహ గారూ, ఏమీ అనుకోకండి అంటూ
మీట పక్కకి తోశాను.

టెస్టరు పనిచేస్తోందో లేదో
వంటింటి ప్లగ్గులో చూసుకున్నాను, ఇక్కడ పెట్టాను. చీకటి.
మళ్లీ పెట్టాను.
ఒకసారే చూసిన మా తమ్ముడికి
ఎడమ బొటనవేలికి గోరు లేదు.

రెండు మరలు. వాటి మీద రంగు:
ఆకుపచ్చ, మీగడ, మళ్లీ ఆకుపచ్చ,
ఒక్కో పూతా ఒక్కో ఇల్లాలి మొండిపట్టు.
లోపల ఒక నల్ల తీగ వస్తోంది,
ఒక నల్ల తీగ పోతోంది.
తెల్లవి రెండూ వెనకాల ఒకే టోపీ కింద
తలలు కలుపుకుని కూర్చున్నాయి.
హమ్మయ్య, తెల్లది ఉంది.
లేకపోతే ఈ కవిత ఇక్కడే ఆగేది,
బూట్లు కుక్క వాసనతోనే ఉండేవి.

మరి పోయే తీగ ఎక్కడికి పోతోంది?
గోడ దాటి, మంచు కిందికి.

పక్కింటి ఇర్యా కొస్కెలా, ఎనభై మూడేళ్లు,
కిటికీలోంచి నా నెత్తి మీది టార్చి చూసి
యాలకుల రొట్టె పట్టుకుని వచ్చింది.
పిహ ఎవరని అడిగాను.
ఆమె నవ్వితే ముందు భుజాలు నవ్వుతాయి.

"మనిషి కాదే పిల్లా, పెరడు. మా ఫిన్నిష్ మాట.
నీ చెత్త డబ్బాలున్న చోట సౌనా ఉండేది.
దాని గుమ్మం మీద దీపం. వెలిగితే ఆడవాళ్ల వంతు,
ఆరితే మగవాళ్లు రావచ్చు.
ఒక శనివారం మేం వెళ్లిపోతూ ఆర్పడం మర్చిపోయాం.
ముగ్గురు మగవాళ్లు తువ్వాళ్లు కట్టుకుని
ఖాళీ సౌనా ముందు మంచులో నిలబడ్డారు.
ఇద్దరు తలుపు బాదారు.
మూడోవాణ్ణి నేను పెళ్లాడాను."

ఆ తీగ చివర టోపీ తొడిగి, టేపు చుట్టి,
మడిచి పెట్టె వెనక్కి తోశాను.
తవ్వి తీద్దామంటే నేల ఇనుములా ఉంది.
ఇర్యాతో అలాగే చెప్పాను.

నల్లది ఇత్తడి మరకి, తెల్లది వెండి మరకి,
ఒళ్లు కప్పుకోని రాగిది పచ్చ మరకి.
గోడలకు చెవులుంటాయంటారు,
ఈ గోడకి రెండు ముఖాలొచ్చాయి
ఒకదాని కింద ఒకటి, నోళ్లు తెరిచి,
అప్పుడే ఎవరో తువ్వాలుతో కనబడ్డట్టు.

కింద పెట్టెలో 'పిహ' చెరపలేదు.
పక్కన 'బూట్లు' అని రాశాను.

టోబిన్ ఒక్కడే గొణిగాడు,
ఇక నేనెవరి పాలు విరగ్గొట్టాలి అని.

ఆ సాయంత్రం యంత్రం గుర్రుమంది.
బూట్లలోంచి ఆవిరి లేచింది, తడి ఉన్ని వాసన.
ఇర్యా బల్ల మీద సర్దుకుని కూచుని
కోటు గుండీలు రెండు విప్పి
నీళ్ల గ్లాసు ఎత్తింది:
"చల్లనా?"