దాత పొర

గోథెన్‌బర్గ్‌లో నవంబరు. మూడున్నరకే చీకటి.
పసుపు దీపాల గదిలో ఇంగెయెర్డ్
పట్టకారుతో పలకను ఎత్తింది.
ఇండియం ఫాస్ఫైడ్. అప్పడం కన్నా పెళుసు.
"తుమ్మకు," అంది. ముసుగు వెనక నవ్వు కళ్ళలోనే తెలిసింది.

సిలికాన్ అయితే ఇంత భయం లేదు.
ఇసుక బిడ్డ. కాల్చితే తన చర్మం తానే కప్పుకుంటుంది,
లోకమంతటికీ చవగ్గా వండిపెడుతుంది.
మాకు కావలసింది పరుగు.

"గాలియం ఆర్సెనైడ్‌తో పదకొండేళ్ళు కాపురం చేశాను.
ఉరుకుతుంది, నిజమే. పైచర్మం మాత్రం మానని పుండు."
మరి నైట్రైడ్?
"అది మోతుబరి. వేడినీ వోల్టేజీనీ మోస్తుంది.
మనం వినాల్సింది గుసగుస."

గుసగుస అంటే,
ఓన్సాలా తీరాన మంచులో తడుస్తున్న ఆంటెన్నా
ఏ చుక్క చుట్టూ దుమ్ములోంచో ఏరుకొచ్చేది.

తొలిసారి నేను
ఎలక్ట్రాన్ల దారిలోనే దాతలను చల్లాను.
అడుగడుక్కీ ఢీ. కొలిస్తే అంతా రొద.
ఆమె తిట్టలేదు. ఒక గీత గీసి
దాని మీద, కాస్త ఎడంగా, చుక్కలు పెట్టింది.
"ఇచ్చినవాళ్ళు పక్క పొరలో ఉండాలి.
ఇచ్చాక దారికి అడ్డు లేవాలి."
ఆ చుక్కలేమిటనుకున్నారు?
నెమ్మదని వద్దన్న సిలికానే, చిటికెడు.

శుక్రవారం ఆమెకు ఆఖరి రోజు.
కొలతల కాగితం యంత్రానికి అతికించి,
"సోమవారం నాకు ఫోన్ చేయకు," అంటూ గౌను విప్పేసింది.
తలుపు ఉస్సుమంది.

ఊపిరి బిగబట్టి పట్టకారు అందుకున్నాను.
పలక విరగలేదు.
ఒక మూల మాత్రం, గోరంత, లేచిపోయింది.